అటుక మీది పెద్ద గంజు

మొన్న అవ్వ, అంటే మా అమ్మ, సంవత్సరీకం అయింది. ఒకరోజు ముందే ఊరికి పోయిన. చుట్టాలు వంద మందికి పైగా వస్తరు, క్యాటరింగ్‌కు చెప్దాం అంటే అక్క వినలేదు, అవ్వకు చేసేది ఇంట్లనే వండాలె అని పట్టుబట్టింది. వంట సామాను కిరాయికి తెచ్చినంక కూడ ఒక గంజు తక్కువ పడ్డది. బావ అటుక మీదికెక్కి మక్కల సంచుల ఎనక నుంచి బూజు పట్టిన పెద్ద సత్తు గంజు ఒకటి దించిండు. దాని పక్కకు ఒక సొట్ట ఉన్నది. ఆ సొట్ట చూడంగనే గుర్తుపట్టిన.

అక్క కొట్టం కాడ కూసోని బూడిదతోని తోమింది. మూడు రాళ్ళ పొయ్యి మీద పెట్టి, ఎసరు మరిగినంక బియ్యం పోసిన్రు. కాసేపటికి గంజి పొంగి నిప్పుల మీద పడి సుయ్‌మన్నది, ఆ కట్టెల పొగ, ఉడికే బియ్యం, మాడిన గంజి, అన్ని కలిసిన వాసన వచ్చేసరికి నాకు ఒళ్ళు జల్లుమన్నది. పట్టపగలు, వాకిట్ల ముప్పై మంది ఉన్నరు, పిల్లలు ఉరుకుతున్నరు, ఆడోళ్ళు ముచ్చట్లు పెడుతున్నరు, నాకేమో అర్ధరాత్రి లెక్క అనిపించింది. ఎందుకంటే ఆ గంజుల అన్నం ఉడికిన వాసన నేను పట్టపగలు ఎప్పుడు చూడలేదు. తలుపులు పెట్టి, దీపం చిన్నగ చేసి, ఎవ్వరు గొంతు లేపకుండ వండిన అన్నం వాసన అది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్న.

*

మాది పాత కరీంనగర్ జిల్లా, జగిత్యాల దిక్కు. ఊరి పేరు రాయను, ఆ మనుషులు, వాళ్ళ పిల్లలు ఇంకా అక్కడ్నే బతుకుతున్నరు.

1978 సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. దొరల మీద రైతులు, కూలీలు వేలమంది కదిలిన్రు. నెల తిరగంగనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలు అని సర్కారు ప్రకటించింది. నేనప్పటికి చంకల పిల్లగాన్ని. మా తాత దొర గడీ ముందట చెప్పులు చేతుల పట్టుకోని నడిచినోడు, దొర పొలం దున్నినంకనే తన పొలం దున్నుకున్నోడు. ఈ ముచ్చట చెప్పకుండ తర్వాతి కథ చెప్తే అన్యాయం అయితది. ఊరి పోరగాండ్లు ఊకెనే అడవి పట్టలేదు. వెట్టి పోయింది, కూలి రేట్లు పెరిగినయి, తునికాకు కట్టకు నాలుగు పైసలు ఎక్కువొచ్చినయి, అది మా అవ్వ కూడ ఒప్పుకునేది.

కని నాకు తెలివొచ్చేసరికి ఊరు ఇంకోతీరుగ ఉండె. రాత్రి ఒకరు, పొద్దున ఒకరు. ఇద్దరి చేతుల తుపాకులున్నయి, మా చేతుల లేవు, తేడా అంతే. రాత్రి వచ్చే నక్సలైట్లను అన్నలు అనేటోళ్ళం, పొద్దున వచ్చే పోలీసోళ్ళను సార్లు అనేటోళ్ళం. ఇద్దర్ని చూసి లేచి నిలబడేటోళ్ళం.

*

అవ్వ బీడీలు చేసేది. ఒడిల చాట, చాటల తునికాకు, తంబాకు, పక్కకు దారం ఉండ. రోజుకు వెయ్యి బీడీలు అయితేనే లెక్క. గ్యాస్ నూనె దీపం ముందట కూసోని కత్తెరతోని ఆకు కత్తిరించేది, ఆ కిర్రుకిర్రు చప్పుడు వినుకుంట నేను నిద్రపోయేటోన్ని. ఎప్పుడన్న ఆ చప్పుడు సడన్‌గ ఆగిందంటే నాకు మెలకువ వచ్చేది. ఆగిందంటే వాకిట్ల ఎవరో ఉన్నట్టు.

తలుపు కొట్టుడు కూడ ఒక తీరుగ ఉంటుండె, గట్టిగ కొట్టేటోళ్ళు కాదు, గొళ్ళెం రెండుసార్లు మెల్లగ కదిపేటోళ్ళు. "అమ్మా, అన్నం కావాలె, పది మందిమి ఉన్నం." గంతే మాట. అవ్వ లేచి పెద్ద గంజు పెట్టేది. మేము తినేది మక్క గట్క, బియ్యం పండుగకో జ్వరమొస్తనో దించుతుండె. ఆ దాచుకున్న బియ్యం తీసి కడిగేది. కూర చేసే టైం లేదు కాబట్టి పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, ఎండు మిరపకాయ. ఇప్పటికి కూడ ఎవరన్న పచ్చిపులుసు పెడితే నేను ముందుగాల తలుపు దిక్కు చూస్త, ఆ అలవాటు పోలేదు.

అండ్ల ఒకసారి ఒక ఆడపిల్ల వచ్చింది. మా అక్క కన్న రెండు మూడేండ్లు పెద్దగుంటదేమో. తుపాకి గోడకు ఆనిచ్చి, అవ్వను కొబ్బరినూనె ఉన్నదా అని అడిగింది. ఎన్ని దినాలాయెనో నెత్తికి నూనె పెట్టక. అవ్వ ఆ పిల్లను ముందట కూసోబెట్టుకోని నూనె రాసింది, మాట్లాడకుండ చిక్కులు తీసింది. జడ అల్లినంక చెప్పింది, నేను గొంగడి కింద నుంచి విన్న. "బిడ్డా, ఆకలైతే వండిపెడత, కాదన. కని ఇంట్ల తినకున్రి. మూట కట్టిస్త, తీస్కపోయి ఊరి బయట తినున్రి. మీరు ఇంట్ల తింటె పొద్దున మా ఇల్లు మీ ఇల్లయితది."

ఆ పిల్ల కాసేపు అట్లనే చూసి సరే అన్నది. ఆ తర్వాత రెండు మూడుసార్లు మూటలే పోయినయి. మళ్ళ ఇంకో దళం వచ్చింది, వాళ్ళు వినలేదు.

*

పొద్దున వచ్చేటోళ్ళకు అన్నీ తెలిసేవి. ఎట్ల తెలిసేవో మాకు తెల్వకపోయేది, అదే పెద్ద భయం. ఇంట్లకు వచ్చి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసేటోళ్ళు, వేడి ఉన్నదా అని. కడిగి బోర్లించిన పళ్ళాలు లెక్కపెట్టేటోళ్ళు. బియ్యం కుండల చెయ్యి పెట్టి ఎంత లోతుకు తగులుతదో చూసేటోళ్ళు.

ఒక పొద్దుగాల ఒకాయన పెద్ద గంజు చూసిండు. "ఐదుగురున్నరు ఇంట్ల, ఇంత గంజు ఎందుకే?" అని తుపాకి మడమతోని ఒక్కటి గుద్దిండు. ఆ సొట్ట అదే. అవ్వ చెమట తుడుచుకోకుండ "బర్లకు కుడితి పెడత సారూ" అన్నది. అని ఊకోలేదు, తొట్టిల కుడితి తెచ్చి గంజుల పోసి బర్రె ముందట పెట్టింది, బర్రె మూతి పెట్టి జుర్రుకుంట తాగింది. ఆయన పోయిండు. కని బాపును, మా నాయినను, తీస్కపోయిన్రు. మూడు దినాలకు వచ్చిండు, నడిచి రాలేదు, ఎడ్లబండి మీద పండుకోని వచ్చిండు. అరికాళ్ళు బుంగల్లెక్క ఉబ్బినయి. అవ్వ వారం దినాలు కాపుడం పెట్టింది. బాపు ఏం జరిగిందో ఎన్నడు చెప్పలేదు, సచ్చిపొయ్యేదాక చెప్పలేదు.

ఆ కాలంల టాడా కింద కేసులు పెట్టేది. 1985ల టెర్రరిస్టుల కోసమని వచ్చిన చట్టం, 1995 దాక నడిచింది, బెయిల్ దొరుకుడు గగనం. అన్నం పెట్టిండు, చోటిచ్చిండు అని మా దిక్కు ఎంతోమంది రైతులు, కూలోళ్ళు అండ్ల పడి ఏండ్లకేండ్లు కోర్టుల సుట్టు తిరిగిన్రు. 1992ల నక్సలైట్ల పార్టీ పీపుల్స్ వార్ మీద నిషేధం, 95ల అది పోయింది, 96ల మళ్ళ వచ్చింది. నిషేధం ఉన్న లేకున్న మా ఇంట్ల గంజు మాత్రం కొట్టంలనే, కుడితి వాసనతోనే ఉండేది. రాత్రి కడిగి అన్నం వండాలె, తెల్లారకముందు మళ్ళ కుడితి పోయాలె. అవ్వ అది ఎన్నిసార్లు చేసిందో.

ఒక్కటి చెప్పాలె. కానిస్టేబుళ్ళల్ల కూడ చిన్న పోరగాండ్లు ఉంటుండె, ఎక్కడ్నో నల్లగొండ దిక్కోళ్ళు, ఆంధ్ర దిక్కోళ్ళు. ఒకడు మా చేదబాయి కాడ నీళ్ళు తాగుకుంట చుట్టూ చెట్లను చూసుకుంట వణికిండు, నేను కండ్లార చూసిన. అవ్వ వానికి సల్ల పోసింది. మూడో రోజు రాత్రి ఆ సల్ల లెక్క అడిగెటందుకు ఇంకొకలు వచ్చిన్రు. పోలీసులకు ఎందుకు పోసినవ్ అని. "దూప అన్నడు బిడ్డా, పోసిన" అన్నది అవ్వ. "మీరైన గంతే, వాళ్ళైన గంతే."

*

మా వాడల ఒకాయన ఎడ్లు పోయినయి. జోడెడ్లు, అప్పు చేసి కొన్నయి. స్టేషన్‌కు పోయి దరఖాస్తు ఇచ్చిండు. పది దినాలకు ఏమన్న తెలిసిందా అని మళ్ళ పోయిండు. గంతే, రెండుసార్లు పోయిండు. నెల తిరగకముందే ఊరి బయట మర్రి కాడ కనబడ్డడు, మీద ఎర్ర సిరాతోని రాసిన కాగితం. ఇన్‌ఫార్మర్ అని. ఆయన తల్లి ముసలిది, ఆమెకు అసలు సంగతి ఎక్కిందో లేదో, చానా దినాలు వచ్చేటోళ్ళను పొయ్యేటోళ్ళను "ఎడ్లు దొరికినయా" అని అడిగేది. ఆ కాగితం రాసినోనికి ఆ ముసలమ్మ ముఖం ఎవరన్న చూపెట్టినరో లేదో.

అటెంక మా ఊర్ల ఎవ్వరింట్ల ఏం పోయినా స్టేషన్‌కు పోలేదు. దొంగతనమైన, భూమి పంచాయితైన, అత్త కోడలిని కొట్టినా ఎవరికి చెప్పుకోవాలె? చట్టం అన్నది మా ఊరికి తుపాకి పట్టుకోని వచ్చుడే గని, మేము చట్టం దగ్గరికి పొయ్యే తోవ బందయింది.

ఇంకోదిక్కు, సంఘంల తిరిగిన ఒక పిల్లగాన్ని అంగట్ల పట్టుకున్నరు. అంగడి అంటే వందలమంది చూసిన్రు, మఫ్టీల ఉన్నోళ్ళు జీపుల ఎక్కిచ్చిన్రు, వాని చేతుల ఇంటికి కొన్న వంకాయల సంచి ఉండె. రెండు దినాలకు పేపర్ల ఎదురుకాల్పులు, ఒక నక్సలైటు మృతి అని నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లు పేర్లు మార్చుకోని రోజు వచ్చేవి. బాపు పేపర్ చదివి మలిచి చూరుల పెట్టేటోడు, ఏమనకపోయేది.

అదే పేపర్ల లోపలి పేజీల ఇంకో తీరు ప్రకటనలు ఉంటుండె. నేను ఫలానా పార్టీకి, పదవికి రాజీనామా చేస్తున్న, ఇకనుంచి రాజకీయాలతోని నాకే సంబంధం లేదు అని. సర్పంచులు, వార్డు మెంబర్లు, మండల నాయకులు పైసలు పెట్టి వేయించుకునేటోళ్ళు. అది బతుకనియ్యమని పెట్టుకున్న దరఖాస్తు, ఎవరికి పెట్టుకున్నరో అందరికి తెలుసు.

మేస్త్రి ముచ్చట మర్చిపోను. ఊరి నడుమ ఎర్ర స్తూపం కట్టాలె అంటే మేస్త్రిని పిలిచిన్రు, ఇంటికింత చందా, ఇంటికొక మనిషి, నెల దినాల్ల కట్టిండు. మంచి పనిమంతుడు, అంచులు సన్నగ తీసిండు. కొన్నేండ్లకు సార్లు వచ్చి అదే మేస్త్రిని పిలిచి గడ్డపార చేతికిచ్చి కూల్చమన్నరు. కూల్చిండు. కూల్చినందుకు మళ్ళ రాత్రి జవాబు చెప్పుకున్నడు. తర్వాత ఆయన మస్కట్ పోయిండు. మా దిక్కు మనుషులు గల్ఫ్‌కు పోయింది అప్పుల కోసమే అంటరు, నిజమే, కని ఆ ఏండ్లల్ల చానామంది రెండు దిక్కుల నుంచి తప్పించుకోని పోయిన్రు. నా కన్న పెద్దోళ్ళు, నాతోని గోటీలాడినోళ్ళ అన్నలు, బొంబాయి బస్సు ఎక్కినోళ్ళు ఎక్కినట్టే. ఊర్ల మిగిలింది ముసలోళ్ళు, బీడీలు చేసే ఆడోళ్ళు, మా అసొంటి పోరలు.

*

నైట్ హాల్ట్ బస్సు ఉంటుండె మాకు. సాయంత్రం ఏడున్నరకు వచ్చి, డ్రైవర్ కండక్టర్ పంచాయితీ ఆఫీసుల పండుకోని, పొద్దుగాల ఐదింటికి స్టార్ట్ చేసేటోళ్ళు. ఆ ఇంజన్ చప్పుడే మా ఊరికి అలారం. బస్సులు తగలబెట్టుడు మొదలైనంక ఆ నైట్ హాల్ట్ తీసేసిన్రు. 1990 అక్టోబర్‌ల చర్లపల్లి దగ్గర కాకతీయ ఎక్స్‌ప్రెస్ బోగీకి నక్సలైట్లు పెట్టిన మంటల 40 మందికి పైగా ప్రయాణికులు కాలిపోయిన్రు. ఆ పేపర్ వచ్చిన రోజు బాపు అన్నం తినలేదు. టికెట్ కొనుక్కోని కూసున్నోళ్ళు వాళ్ళేం చేసిన్రు అన్నడు. ఆ ఒక్క మాటే.

బస్సు పోయినంక ఊరికి రాత్రి అనేది గోడ లెక్క అయింది. పొద్దుగూకితే ఎవ్వరు బయటికి పోవద్దు. సార్లకు దొరికితే దళానికి అన్నం మోస్తున్నవ్ అంటరు, అన్నలకు దొరికితే స్టేషన్‌కు పోతున్నవ్ అంటరు.

అసొంటి ఒక రాత్రి మా చిన్నమ్మకు నొప్పులొచ్చినయి. మంత్రసాని చెయ్యి పెట్టి చూసి నాతోని కాదు, దవాఖానకు తీస్కపోన్రి అన్నది. పద్నాలుగు కిలోమీటర్లు. చిన్నబాపు బొంబాయిల ఉండె. బాపు ఎడ్లబండి కట్టిండు, గడ్డి పరిచి బొంత ఏసిన్రు. అవ్వ చిన్నమ్మ తలను ఒడిల పెట్టుకోని కూసున్నది, నన్ను ఎందుకు ఎక్కిచ్చుకున్నరో తర్వాత అర్థమైంది, పిల్లగాడు ఉన్నబండి అయితే కాల్చరని.

బాపు రెండు కందీళ్ళు ముట్టిచ్చిండు. ఒకటి బండి కాడికి కట్టిండు, ఇంకోటి చేతుల పట్టుకోని ఎడ్ల కన్న పది అడుగులు ముందట నడిచిండు. నడుసుకుంట మొత్తుకుంటనే ఉన్నడు. "అయ్యా, మేము ఫలానా ఊరోళ్ళం, కాన్పు బండి, ఆడోళ్ళున్నరు, పిల్లగాడున్నడు, దవాఖానకు పోతున్నం." మళ్ళ అదే మాట. చీకట్ల ఎవరున్నరో తెల్వదు, అన్నలో సార్లో తెల్వదు, అందుకే అన్న అనలేదు, సార్ అనలేదు, అయ్యా అన్నడు. నన్ను కూడ మొత్తుకోమన్నడు. నాకు గొంతు రాలేదు. అవ్వ నా తొడ గిచ్చింది, ఏడ్చిన, ఏడ్పే మంచిగ వినబడింది.

రోడ్డు మీద మోరీలున్నయి. మోరీల కింద మందుపాతరలు పెడతరని తెలుసు, అవి జీపు కోసమే పెట్టినా బండిని చూసి ఆగుతయా? ప్రతి మోరి కాడ బాపు బండిని రోడ్డు దించి పొలాలల్ల నుంచి తిప్పుకోని మళ్ళ రోడ్డు ఎక్కించిండు. ఒడ్ల మీద బండి ఎగిరినప్పుడల్ల చిన్నమ్మ అరిసేది. నాలుగో మోరి తిప్పేకాడ, మక్క చేను ఒడ్డు మీద, ఆడపిల్ల పుట్టింది. అవ్వ బీడీల కత్తెరను కొంగుల కట్టుకోని వచ్చింది, దాన్ని కందీలు మంటల కాల్చి బొడ్డు కోసింది. బాపు మొత్తుకునుడు ఆపలేదు. మాట మాత్రం మార్చిండు. "అయ్యా, పుట్టింది, పాప పుట్టింది, ఇంక తీస్కపోతున్నం."

చేన్ల నుంచి ఎవరో దగ్గిన్రు. నేను విన్న, అవ్వ విన్నది. ఎవరని ఇప్పటికి తెల్వదు. దగ్గి, సప్పుడు చేయకుండ ఊకున్నరు. మేము పోయినం.

*

1997ల ఎస్.ఆర్. శంకరన్ గారు కొంతమంది పెద్దలను కూడగట్టి పౌరస్పందన వేదిక పెట్టిన్రు. ఐఏఎస్ ఆఫీసర్‌గ చేసినాయన, 1987ల తూర్పు గోదావరి గుర్తేడు కాడ పీపుల్స్ వార్ వాళ్ళు ఎత్తుకపోయిన ఆఫీసర్లల్ల ఆయన ఒకరు. అసొంటి మనిషి కోపం పెట్టుకోకుండ, మళ్ళ ఇదే పనికి పూనుకున్నడు. లాయరు కన్నబిరాన్ గారు, పత్రికల పెద్దమనిషి పొత్తూరి వెంకటేశ్వరరావు గారు అండ్ల ఉన్నరు. బాపు వాళ్ళ లేఖలు పేపర్ల పడితే గట్టిగ చదివేటోడు, గట్టిగ చదివిన వార్తలు అవే. నిరాయుధులను చంపొద్దని ఒకరికి, పట్టుకున్నోళ్ళను చంపొద్దు, కోర్టుకు పెట్టున్రి అని ఇంకొకరికి. హక్కుల కోసం పనిచేసిన బాలగోపాల్ గారు కూడ ఎన్‌కౌంటర్ల మీద ఎంత కొట్లాడిండో, ఇన్‌ఫార్మర్ పేరు మీద చంపుడును కూడ అంత గట్టిగ తప్పు అన్నడు. ఆ మాట అన్నందుకు సొంతోళ్ళల్లనే ఒంటరి అయిండు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

2004ల చర్చలు. జూన్ నుంచే కాల్పులు ఆగినయి. అక్టోబర్ 15 నుంచి 18 దాక హైదరాబాద్‌ల సర్కారు, నక్సలైట్ల నాయకులు ఒక టేబుల్ కాడ కూసున్నరు. అవి బతుకమ్మ దినాలు. మా ఊర్ల నా చిన్నప్పటి నుంచి బతుకమ్మను పొద్దుండంగనే చెరువుల ఏసి ఇంటికి ఉరికొచ్చేటోళ్ళు. ఆ ఏడు అవ్వ, అక్క, వాడంత, రాత్రి పదిన్నర దాక ఆడిన్రు. చప్పట్ల చప్పుడు ఊరవతల దాక వినబడ్డది. బాపు గద్దె మీద కూసోని చుట్ట ముట్టిచ్చి, ఇంత రాత్రి చుట్ట తాగక ఎన్నేండ్లాయెనో అన్నడు. చీకట్ల నిప్పు కనబడుతదని తాగకుంటుండె.

సంక్రాంతి వచ్చేసరికి అయిపోయింది. 2005 జనవరిల మళ్ళ తుపాకులు. ఆగస్టుల మళ్ళ నిషేధం.

*

నేనప్పటికి చదువు అయిపోయి ఒక స్వచ్ఛంద సంస్థల చేరిన. భద్రాచలం దిక్కు చర్ల, దుమ్ముగూడెం అడవులల్ల రెండేండ్లు చేసిన. పక్కనే ఛత్తీస్‌గఢ్ బస్తర్‌ల 2005 జూన్‌ల సల్వాజుడుం మొదలైంది, అంటే మావోయిస్టుల మీదికి సర్కారు అండతోని ఊరోళ్ళ చేతికే ఆయుధాలిచ్చుడు, ఆరువందలకు పైగా ఊర్లు ఖాళీ అయినయి. కొంతమందిని రోడ్డు పక్క క్యాంపులకు తోలిన్రు, కొంతమంది లోపలి అడవిలకు పోయిన్రు, వేలమంది మన దిక్కు దాటి వచ్చిన్రు. అట్ల వచ్చినోళ్ళను మన దిక్కోళ్ళు గుత్తికోయలు అంటరు. క్యాంపుల ఉంటె జుడుం మనిషివి, అడవిల ఉంటె మావోయిస్టువు. నడుమ చోటు లేదు. 2006 జులైల ఎర్రబోరు క్యాంపు మీద మావోయిస్టులు పడి ఇండ్లు కాలబెట్టి మనుషుల్ని చంపిన్రు, అండ్ల పసిపిల్లలు కూడ ఉన్నరు. జుడుం వాళ్ళు, బలగాలు పోయిన ఊర్లల్ల ఇండ్లు కాలినయి, ఆడోళ్ళ మీద అఘాయిత్యాలు జరిగినయి. ఏది ముందు ఏది ఎనక అని లెక్కలు తీసుకుంట కూసుంటె ఆ ఊర్లోళ్ళకు ఒరిగేదేమి లేదు.

మేము బియ్యం పంచేది, పిల్లలకు తాత్కాలిక బడి నడిపేది. ఒకామె చెట్టు కింద కొమ్మలతోని గుడిసె ఏసుకున్నది, సామాను అంటే ఒక గొడ్డలి, ఒక కోడి, ఒక సత్తు గిన్నె. గిన్నెను గుంజకు బోర్లించింది, అది పెద్దది, ఆమెకు ఇద్దరే పిల్లలు. నేను ఏ ఉద్దేశం లేకుండ, ఇంత పెద్ద గిన్నె మోసుకొచ్చినవా అమ్మా అని మా కోయ పిల్లగానితోని అడిగిచ్చిన. ఆమె ముఖం మారిపోయింది. వానితోని గబగబ ఏదో చెప్పింది. వాడు నా దిక్కు తిరిగి, "సారూ, మేమెవ్వరికి వండిపెట్టలేదు అంటున్నది" అన్నడు.

నాకు నోట మాట రాలేదు. తుపాకి లేదు, యూనిఫాం లేదు, చేతుల బియ్యం సంచి ఉన్నది, అయినా నేను అడిగింది మా ఇంట్ల గంజును గుద్దినాయన అడిగిన ప్రశ్ననే. ఆ తర్వాత నేను ఎవరింట్ల గిన్నెలు, పొయ్యి దిక్కు చూడలేదు. సర్వే కాగితాలల్ల ఇంటి సామాను అని ఒక గడి ఉండె, దాన్ని ఖాళీగనే పెట్టిన.

కొన్నాళ్ళకు భద్రాచలంల ఒక ట్రైనింగ్ అయింది. ఒక లాయరు మేడం 1949 జెనీవా ఒప్పందాల గురించి చెప్పింది. నాలుగు ఒప్పందాలల్ల మూడో ఆర్టికల్ ఒక్కతీరుగనే ఉంటదట, ఒక దేశం లోపల జరిగే యుద్ధాల గురించి. యుద్ధంల పాలుపంచుకోనోళ్ళను, ఆయుధం కింద పెట్టినోళ్ళను, గాయపడ్డోళ్ళను, పట్టుబడ్డోళ్ళను చంపొద్దు, చిత్రహింస పెట్టొద్దు, బందీలుగ తీసుకోవద్దు, విచారణ లేకుండ శిక్ష ఏయొద్దు. ఇది సర్కారుకైన, సర్కారు మీద కొట్లాడేటోళ్ళకైన వర్తిస్తదట. నేను లేచి అడిగిన, అన్నం పెట్టుడు పాలుపంచుకునుడు అయితదా మేడం అని. కాదు అన్నది. ఎవరికి పెట్టినా? ఎవరికి పెట్టినా, అన్నం పెట్టుడు తుపాకి పట్టుడు కాదు అన్నది. ఇంకోటి కూడ చెప్పింది, కొట్లాడేటోళ్ళు జనం నడుమ మకాం పెట్టొద్దు, బడి, దవాఖాన, ఇండ్లల్ల చేరొద్దు, వాళ్ళున్నకాడికే తూటా వస్తది కాబట్టి. అవ్వ ఆ ఆడపిల్లకు నూనె రాసుకుంట చెప్పింది అదే. ఇంట్ల తినకున్రి.

మా బడి కూడ యాదికొచ్చింది. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు బలగాలు వచ్చి బడిల దిగిన్రు, మేము రెండు నెలలు యాపచెట్టు కింద చదివినం. బస్తర్‌ల అయితే బలగాలు దిగిన బడులను, దిగుతరేమో అని ఖాళీ బడులను కూడ మావోయిస్టులు పేల్చేసిన్రు. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం తీరు రాజ్యాంగానికి విరుద్ధమని, గిరిజన పిల్లగాండ్ల చేతికి తుపాకులిచ్చి ఎస్పీఓలుగ, అంటే స్పెషల్ పోలీసులుగ, ముందటికి తోసుడు ఆపమని తీర్పు ఇచ్చింది. అటెంక ఏడాదికే 2012 జూన్‌ల బస్తర్ దిక్కు సార్కెగూడల బలగాల కాల్పులల్ల 17 మంది చనిపోయిన్రు. వాళ్ళు మావోయిస్టులు అనేటందుకు సాక్ష్యం లేదని జ్యుడిషియల్ కమిషన్ రిపోర్టు 2019ల బయటికొచ్చింది. ఏడేండ్లు. ఆ ఏడేండ్లు వాళ్ళ ఇంటోళ్ళు ఏ పేరుతోని బతికిన్రో.

ఆ పెద్ద గిన్నె ఆమె గుడిసె తర్వాత పీకేసిన్రని విన్న, అడవిల ఏసుకున్నదని. మళ్ళ ఎటు పోయిందో తెల్వదు. ఆ కోయ పిల్లగాడు అప్పుడప్పుడు ఫోన్ చేస్తడు, ఆమె ముచ్చట అడుగుత, దొరకలేదు సారూ అంటడు.

*

సంవత్సరీకం నాడు రెండో పంక్తికి అన్నం సరిపోలేదు. మక్క చేను ఒడ్డు మీద పుట్టిన పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, కోరుట్ల నుంచి వచ్చింది. అక్క కేకేస్తే చీర కుచ్చెళ్ళు నడుముల దోపుకోని, గంజు ఒక చెవి తను పట్టింది, ఇంకో చెవి నేను పట్టిన. దించేటప్పుడు దాని చెయ్యి సొట్టకు తాకింది.

"ఇదెట్ల పడ్డదన్నా?"

"కుడితి పెట్టేకాడ," అన్న.

"బర్రె తన్నిందా?"

నేను ఏం చెప్పలేదు. వాకిట్ల పంక్తి కూసున్నది, పిల్లలు ఆకుల ముందట ఆగుతలేరు, అందరు ఒక్కసారే గట్టిగ మాట్లాడుతున్నరు. అన్నం పొగలు పోతున్నది. ఇద్దరం గంజు పట్టుకోని బయటికి నడిచినం, తలుపులు బార్లా తెరిచున్నయి.